కాలు తీసేయాలన్నారా? మూలకణాల చికిత్స ఎవరికి పనికొస్తుంది? ముందు ఏం అడగాలి?

కాలి బొటనవేలు నల్లబడుతుంది. రాత్రి పడుకుంటే పాదంలో మంట, సలుపు. కాలు మంచం మీంచి కిందికి వేలాడేస్తే కాస్త నయం. పైకి పెడితే మళ్లీ అదే నొప్పి. నెలన్నరగా పుండు మానడం లేదు. చివరికి ఆసుపత్రికి వెళ్తే "మోకాలి కింద తీసేయాలి" అంటారు. ఆ సాయంత్రమే ఎవరో బంధువు వాట్సాప్‌లో ఒక వీడియో పంపుతారు. "మూలకణాల ఇంజెక్షన్‌తో కాలు నిలబడింది, వెంటనే వెళ్లండి" అని.

మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్‌లోనో, గోదావరిఖనిలోనో ఉండే ఒక గని కార్మికుడి ఇంట్లో ఇలా జరిగిందనుకోండి. ఆ ఇంటివాళ్ల ముందు రెండే దారులు కనిపిస్తాయి. కాలు తీయించడం, లేదా అప్పు చేసి వీడియోలోని క్లినిక్‌కు వెళ్లడం. నిజానికి ఈ రెండింటికీ ముందు మరో మెట్టు ఉంది. చాలామంది దాన్ని దాటేస్తారు. మూలకణాల చికిత్స అబద్ధమేమీ కాదు. మన దేశంలో దీనికి అనుమతి పొందిన ఔషధం కూడా ఉంది. కానీ అది అందరికీ కాదు, అన్నిటికన్నా ముందూ కాదు.

అసలు కాలికి ఏమవుతుంది?

గుండె నుంచి వచ్చే రక్తం తొడ, మోకాలు, పిక్కల్లోని ధమనుల మీదుగా పాదానికి చేరుతుంది. ఈ ధమనుల్లో కొవ్వు, సున్నం పేరుకుంటే దారి సన్నబడుతుంది. మొదట్లో నడిచినప్పుడే పిక్క పట్టేస్తుంది, ఆగితే తగ్గుతుంది. దీన్ని చాలామంది వయసు మీద పడ్డదనో, కీళ్లవాతమనో అనుకుని వదిలేస్తారు. దారి మరీ మూసుకుపోతే కూర్చున్నా, పడుకున్నా నొప్పి తప్పదు. చిన్న గాయం కూడా మానదు. ఆ తర్వాత వేళ్లు నల్లబడి కుళ్లిపోతాయి. దీన్నే గ్యాంగ్రీన్ అంటాం.

విశ్రాంతిలోనూ రెండు వారాలకు మించి నొప్పి ఉండటం, మానని పుండు, గ్యాంగ్రీన్... రక్తం అందక ఈ మూడింటిలో ఏది వచ్చినా కాలు ప్రమాదంలో ఉన్నట్టే. ఈ దశ చేరినవారిలో సుమారు నాలుగో వంతు మంది ఏడాదిలోపే చనిపోతారని, దాదాపు అంతే మంది కాలు కోల్పోతారని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. కాళ్ల ధమనులు మూసుకుపోయినవారికి గుండె, మెదడు ధమనుల్లోనూ అదే జబ్బు ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి ఇది కాలి సమస్య మాత్రమే కాదు.

ఎవరికి ఎక్కువగా వస్తుంది?

మధుమేహం, పొగాకు, బీపీ, కొలెస్టరాల్, కిడ్నీ జబ్బు ప్రధాన కారణాలు. మధుమేహం ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. చెప్పు కరిచినా, రాయి గుచ్చుకున్నా తెలియదు. నొప్పి లేదు కదా అని ఊరుకునేలోపే పుండు లోతుకు దిగుతుంది.

ఇంకో జబ్బు పేరు బర్గర్స్ వ్యాధి. లియో బర్గర్ అనే వైద్యుడు 1908లో దీన్ని వివరించారు. కొవ్వు పేరుకోవడం వల్ల కాక, కాళ్లూ చేతుల్లోని చిన్న, మధ్యస్థ రక్తనాళాలు వాచి, వాటిలో గడ్డలు కట్టడం వల్ల ఇది వస్తుంది. ఎక్కువగా 45 ఏళ్లలోపు మగవారికి, అందులోనూ పొగాకు అలవాటున్నవారికి వస్తుంది. అంటే ఇంటికి సంపాదించి పెట్టే వయసులోనే కాలు పోయే ప్రమాదం.

బొగ్గు గనుల ప్రాంతంలో ఇది పట్టించుకోవాల్సిన సంగతి. భూగర్భ గనిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకెళ్లడం నిషేధం. షిఫ్టులో పొగ తాగే వీల్లేక తంబాకు, ఖైనీ నమిలే అలవాటు చేసుకునేవారున్నారు. "నేను బీడీ మానేశాను, తంబాకే వేస్తున్నా" అంటే రక్తనాళాలకు ఒరిగేదేమీ లేదు. బర్గర్స్ వ్యాధిలో పొగాకు ఏ రూపంలో తీసుకున్నా జబ్బు ముదురుతుంది. పూర్తిగా మానేసినవారిలో చాలామందికి కాలు దక్కుతుంది. ఏ ఇంజెక్షన్ వేసినా, పొగాకు మానకపోతే ఆ ఫలితం నిలవదు.

దాటేయకూడని మెట్టు ఏది?

"కాలు తీయాలి" అన్న మాటకు ముందు ఒక ప్రశ్నకు జవాబు దొరకాలి. రక్తప్రసారాన్ని మళ్లీ తెరవగలమా? అది చెప్పగలిగేది రక్తనాళాల శస్త్రచికిత్స నిపుణుడు, అంటే వాస్క్యులర్ సర్జన్. ఆయన చూసే పరీక్షలు ఇవి.

• చీలమండ, చేయి బీపీల నిష్పత్తి: చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తారు. దీన్ని ఏబీఐ అంటారు. 1.0 నుంచి 1.4 మధ్య ఉంటే మామూలు. 0.9 లేదా అంతకంటే తక్కువైతే ధమనుల జబ్బు ఉన్నట్టు. 0.4 కంటే తక్కువైతే తీవ్రమైనది.

• బొటనవేలి రక్తపోటు: మధుమేహం ఉన్నవారిలో ధమనులు గట్టిపడి ఏబీఐ తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. అందుకే వీరికి వేలి దగ్గర కొలవాలి. 30 కంటే తక్కువుంటే పుండు మానడం కష్టం.

• డాప్లర్, యాంజియోగ్రామ్: ఏ ధమని ఎక్కడ, ఎంత పొడవున మూసుకుపోయిందో ఇవి చూపిస్తాయి.

వీటిని బట్టి బెలూన్‌తో తెరవడం (యాంజియోప్లాస్టీ), స్టెంట్ వేయడం, కాలి సిరతోనే పక్కదారి కలిపే బైపాస్ చేయడం వంటివి నిర్ణయిస్తారు. రక్తం తిరిగి అందితే మోకాలి కింద తీయాల్సిన కాలు ఒక వేలు తీయడంతో నిలబడవచ్చు. గని కార్మికుడికి, ఆటో డ్రైవరుకు, మేస్త్రీకి ఈ తేడా జీతానికీ ఇంట్లో కూర్చోవడానికీ ఉన్న తేడా.

అయితే కొందరికి ఈ దారులేవీ కుదరవు. పాదం దాకా చిన్న నాళాలన్నీ మూసుకుపోతే బైపాస్ కలపడానికి చోటే ఉండదు. బర్గర్స్ రోగుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. మూలకణాల చికిత్స గురించి ఆలోచించాల్సింది ఇలాంటివారి విషయంలోనే.

మూలకణాలు కాలిలో ఏం చేస్తాయి?

ఎముక మజ్జలోని కొన్ని కణాలకు కొత్త రక్తనాళాల పెరుగుదలను ప్రేరేపించే గుణం ఉంది. 2002లో జపాన్ వైద్యులు లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. రోగి తుంటి ఎముక నుంచి మజ్జ తీసి, అందులోని కణాలను వేరుచేసి, అదే రోగి పిక్క కండరంలో సుమారు 40 చోట్ల ఇంజెక్షన్లుగా వేశారు. నొప్పి తగ్గింది, నడక మెరుగైంది. ప్రపంచమంతా దీనివైపు చూసింది.

ఈ కణాలే రక్తనాళాలుగా మారిపోతాయని అప్పట్లో చాలామంది అనుకున్నారు. ఇప్పుడు ఎక్కువమంది శాస్త్రవేత్తలు చెప్పేది వేరు. ఇవి కొంతకాలం అక్కడ ఉండి, నాళాల పెరుగుదలకు తోడ్పడే ప్రొటీన్లను విడుదల చేస్తాయి, వాపును తగ్గిస్తాయి. దాంతో పక్కనున్న సన్నని నాళాలు విస్తరించి, మూసుకుపోయిన దారిని చుట్టివెళ్తాయి. పెద్ద రోడ్డు మూసేస్తే సందుల్లోంచి బండ్లు పోయినట్టు. సందులు వెడల్పు కావడానికి వారాలు, నెలలు పడుతుంది. ఈ రాత్రి కాలు చల్లబడితే రేపటికి పనిచేసే మందు కాదిది.

అప్పటికే చచ్చిపోయి నల్లబడిన భాగానికి ఇవి ప్రాణం పోయలేవు. దాన్ని తీయాల్సిందే. పుండులో చీము, ఇన్ఫెక్షన్ ఉంటే ముందు దాన్ని అదుపు చేయాలి. తొడలోని పెద్ద ధమని మూసుకుపోతే ముందు దాన్ని తెరవాలి. పైనుంచి రక్తమే రాకపోతే కింద సందులు వెడల్పైనా ప్రయోజనం ఉండదు.

నిజంగా పనిచేస్తుందా?

చిన్న అధ్యయనాల్లో ఫలితాలు ఆశాజనకంగా ఉన్నాయి. పెద్దవాటిలో అంత స్పష్టత లేదు. నెదర్లాండ్స్‌లో జరిగిన జువెంటాస్ అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. 160 మంది రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు సొంత మజ్జ కణాలను ధమని ద్వారా మూడుసార్లు ఎక్కించారు. రెండో జట్టుకు మజ్జ కణాలు లేని ఉత్తుత్తి ద్రవం (ప్లాసిబో) ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగులకూ తెలియదు, వైద్యులకూ తెలియదు. ఆరు నెలల తర్వాత చూస్తే కాలు కోల్పోయినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. విచిత్రమేమిటంటే రెండు జట్లలోనూ రోగుల పరిస్థితి కొంత మెరుగైంది. మంచి పర్యవేక్షణ, పుండు శుభ్రత, మందులు కూడా పనిచేస్తాయి కదా.

"ఇంజెక్షన్ తర్వాత నొప్పి తగ్గింది" అని వీడియోలో ఒకరు చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. కానీ తగ్గింది ఇంజెక్షన్ వల్లనేనా అన్నది అందులో తేలదు. పోల్చి చూసే రెండో జట్టు ఎందుకు అవసరమో జువెంటాస్ చూపించింది.

అలాగని ఆ ఒక్క అధ్యయనంతో తలుపు మూసుకుపోలేదు. ఏ కణాలు, ఎన్ని, కండరంలోకా ధమనిలోకా, ఏ రోగికి అన్నదాన్ని బట్టి ఫలితం మారవచ్చు. బర్గర్స్ రోగులు ఎక్కువగా వయసులో చిన్నవారు. వీరికి ప్రయోజనం ఎక్కువ ఉండొచ్చన్న ఆశ ఉంది.

మన దేశంలో అనుమతి ఉందా?

ఉంది. బెంగళూరుకు చెందిన స్టెంప్యూటిక్స్ రీసెర్చ్ తయారుచేసిన స్టెంప్యూసెల్‌కు 2016లో బర్గర్స్ వ్యాధికి పరిమిత అనుమతి వచ్చింది. 2020లో డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ ఆఫ్ ఇండియా దీన్ని బర్గర్స్ వ్యాధి వల్ల, కొవ్వు పేరుకోవడం వల్ల కాళ్లకు తీవ్రంగా రక్తం అందనివారికి వాడేందుకు అనుమతించింది. ఇది రోగి సొంత మజ్జతో చేసేది కాదు. ఆరోగ్యవంతులైన దాతల మజ్జ నుంచి తీసిన కణాలను ల్యాబ్‌లో పెంచి, అతిశీతలంలో నిల్వచేస్తారు. రోగి బరువును బట్టి మోతాదు లెక్కించి పిక్క కండరంలో పలుచోట్ల, పుండు చుట్టూ వేస్తారు.

న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్-2019 ప్రకారం మూలకణాలతో తయారైన ఉత్పత్తి కొత్త ఔషధం కిందికి వస్తుంది. అనుమతి లేకుండా అమ్మకూడదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు కూడా స్పష్టంగా ఉన్నాయి. అనుమతించిన వాడకాలు కాక మరే మూలకణ చికిత్సనైనా క్లినికల్ ట్రయల్‌లో మాత్రమే ఇవ్వాలి.

అంటే మూలకణాలన్నీ మోసం కాదు. బ్లడ్ క్యాన్సర్, తలసీమియా వంటి జబ్బులకు ఎముక మజ్జ మార్పిడి ఏళ్లుగా స్థిరపడిన చికిత్స. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్యశాల కంటి మూలకణాల మార్పిడిలో ప్రపంచంలోనే పేరున్న సంస్థ. కానీ ఒకే సూదితో మోకాళ్లు, షుగర్, పక్షవాతం, కాలి పుండు అన్నీ తగ్గిస్తామనే క్లినిక్ కనిపిస్తే వెనక్కి తిరగండి.

ట్రయల్‌లో చేరమంటే?

చేరడం తప్పేమీ కాదు. అయితే హక్కులు తెలుసుకోండి.

• ట్రయల్ వివరాలు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా (సీటీఆర్‌ఐ) వెబ్‌సైట్‌లో నమోదై ఉండాలి. నంబరు అడిగి ఫోన్‌లోనే చూసుకోవచ్చు.
• పరీక్షిస్తున్న మందుకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. "ట్రయల్ ఉంది, మూడు లక్షలు కట్టండి" అంటే అనుమానించండి.
• మీకు అర్థమయ్యే భాషలో వివరించి సంతకం తీసుకోవాలి. తెలుగు పత్రం అడగండి, ఒక ప్రతి ఇంటికి తెచ్చుకోండి.
• మధ్యలో మానేసే హక్కు మీకుంది. మానేసినా మామూలు వైద్యం ఆగకూడదు.
• ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని నిబంధన.

దుష్ప్రభావాల గురించి కూడా అడగండి. సూది వేసినచోట నొప్పి, జ్వరం, అలర్జీ రావచ్చు. గతంలో క్యాన్సర్ ఉన్నా, మధుమేహం వల్ల కంటి రెటీనాలో కొత్త నాళాలు పెరుగుతున్నా తప్పకుండా చెప్పాలి. నాళాలను పెంచే చికిత్స అలాంటివారికి చేటు చేయవచ్చు.

శ్రీరాంపూర్ నుంచి ఎక్కడికి వెళ్లాలి?

సింగరేణి ఉద్యోగులు, వారి కుటుంబసభ్యులు: కంపెనీ డిస్పెన్సరీ నుంచి ఏరియా ఆసుపత్రికి వెళ్లాలి. శ్రీరాంపూర్ వారికి దగ్గర్లోనిది రామకృష్ణాపూర్ ఏరియా ఆసుపత్రి, రామగుండం వైపు వారికి గోదావరిఖని ఏరియా ఆసుపత్రి. అక్కడ వాస్క్యులర్ సర్జన్ కావాలని, కంపెనీ ఒప్పందం ఉన్న ఆసుపత్రికి రెఫరల్ ఇవ్వాలని నోరు తెరిచి అడగండి. "పెద్దాసుపత్రికి రాయండి" అంటే సరిపోదు. జనరల్ సర్జన్ దగ్గరికి పంపితే రోజులు గడిచిపోతాయి.

రిటైరైనవారు: సీపీఆర్‌ఎంఎస్ మెడికల్ కార్డు ఉంటే ఏయే ఆసుపత్రుల్లో చెల్లుతుందో, ఇప్పటికి ఎంత వాడారో, ఎంత మిగిలిందో ముందే చూసుకోండి.

కాంట్రాక్టు కార్మికులు: మీకు వర్తించేది ఈఎస్‌ఐయా, ఆరోగ్యశ్రీయా, కంపెనీ ఆసుపత్రా అన్నది జబ్బు పడకముందే కనుక్కుని పెట్టుకోండి.

మిగతావారు: అర్హత ఉంటే ఆరోగ్యశ్రీ. తెలంగాణలో దీని పరిమితిని 2023 డిసెంబరులో రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెంచారు. కాళ్ల రక్తనాళాల శస్త్రచికిత్సలు ఈ పథకంలో ఉన్నాయి. మూలకణాల ఔషధం కూడా అందులో వస్తుందని ఊహించుకోకండి. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి, ముందస్తు ఆమోదం వచ్చాకే ముందుకెళ్లండి. హైదరాబాద్‌లోని నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రచికిత్స విభాగం ఉంది. మంచిర్యాల నుంచి రైల్లో నేరుగా సికింద్రాబాద్ చేరవచ్చు.

ప్రయాణానికి ముందు పాత రిపోర్టులు, మందుల చీటీలు, షుగర్ లెక్కలు, పుండు ఫొటోలు తేదీలవారీగా ఫోన్‌లో పెట్టుకోండి. పుండు వారంలో ఎంత పెరిగిందో ఆ ఫొటోలే చెబుతాయి.

ఉద్యోగం లెక్క వేరు, కాలు లెక్క వేరు

గని ప్రాంతంలో పైకి అనకపోయినా కొన్ని ఇళ్లలో నడిచే ఆలోచన ఒకటుంది. కాలు పోతే మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తుంది, పిల్లాడికి ఉద్యోగం వస్తుంది అని. ఇంటి కష్టాలు తెలిసినవారెవరూ ఆ ఆలోచనను తప్పుబట్టలేరు. కానీ బోర్డు నిర్ణయం బోర్డుది, దానికి దాని నిబంధనలు ఉంటాయి. కాలిని కాపాడుకునే సమయం మాత్రం రోజుల్లో ఉంటుంది. ఆ రోజుల్ని దీనికి ముడిపెట్టకండి. ఒక కాలు పోయినవారికి రెండో కాలికీ ముప్పు ఎక్కువ.

డాక్టరును అడగాల్సిన ఐదు ప్రశ్నలు

1. నా యాంజియోగ్రామ్ చూసి వాస్క్యులర్ సర్జన్ ఏమన్నారు?
2. యాంజియోప్లాస్టీ గానీ బైపాస్ గానీ కుదరదంటే, ఎందుకు కుదరదు?
3. మీరు చెప్పే మూలకణ చికిత్స అనుమతి ఉన్న ఔషధమా, ట్రయలా? కాగితం చూపిస్తారా?
4. మొత్తం ఖర్చెంత? పథకంలో ఎంత వస్తుంది? రాసి ఇస్తారా?
5. ఇది పనిచేయకపోతే తర్వాత ఏం చేస్తారు? ఎన్ని వారాలు చూస్తారు?

నాలుగో ప్రశ్నకు నోటి మాటతో సరిపెడితే, మూడో ప్రశ్నకు జవాబు రాకపోతే, ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి.

ఆగకుండా వెళ్లాల్సిన సందర్భాలు

కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కి, కదలకపోతే అది అత్యవసరం. పెద్ద ధమనిలో గడ్డ అడ్డుపడి ఉండవచ్చు. సుమారు ఆరు గంటల్లోపు రక్తప్రసారం తెరుచుకోకపోతే కండరాలు చచ్చిపోవడం మొదలవుతుంది. 108కు ఫోన్ చేయండి. వేడి నీళ్ల కాపడం పెట్టకండి, నూనె రాసి మర్దన చేయకండి. పుండుతో పాటు జ్వరం, దుర్వాసన, పైకి పాకుతున్న ఎరుపు ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు.

ఇక ఇవాళే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. షుగర్ ఉంటే రోజూ రాత్రి పాదాల అడుగు, వేళ్ల సందులు చూసుకోండి. చెప్పుల్లేకుండా నడవకండి. ఆనెలను బ్లేడుతో కోసుకోకండి. నడిస్తే పిక్క పట్టేస్తుంటే వచ్చే నెల దాకా ఆగకుండా ఏబీఐ చేయించుకోండి. పొగాకు మానాలంటే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మూలకణాలు కాపాడే కాళ్ల కన్నా ఈ జాగ్రత్తలు కాపాడే కాళ్లే ఎక్కువ.

(గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం. చికిత్స నిర్ణయాలు మీ వైద్యుడిని సంప్రదించాకే తీసుకోవాలి. పథకాల నిబంధనలు మారుతుంటాయి కాబట్టి సంబంధిత కార్యాలయంలో నిర్ధారించుకోండి.)